మార్తమ్మ గారి చేతి చాప్స్

సంగారెడ్డి,
జూన్ 9.

నిషితకు,

నీ చీటీ పుష్పమ్మ తెచ్చి ఇచ్చింది. ఆదివారం మీ ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నామని, నేనూ మీ తాతా తప్పక రావాలని రాశావు. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. అంతవరకు సంతోషం.

నేను రాను. ఎందుకు రానో నీకు తెలిసినా, రాతలో ఉంటే మంచిది. పోయిన సెప్టెంబరులో నువ్వూ నా మనవడు రాకీ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, సిరా ఆరిన తరువాత నాకు ఫోన్ చేశారు. మా సంఘంలో ముప్పై ఏళ్లుగా ఎవరి పెండ్లి అయినా పులావులో ఉప్పు చూసేది నేను. నా సొంత మనవడి పెండ్లికి మనిషికొక సమోసా పెట్టారట. అది కూడా పక్కింటి పుష్పమ్మ చెబితే తెలిసింది. మీ ఇద్దరితో ఇక మాట్లాడనని ఆ రోజే చెప్పాను. చెప్పిన మాట తప్పే అలవాటు నాకు లేదు. అయితే మాట్లాడనన్నాను గాని రాయనని అనలేదు. అందుకే ఈ ఉత్తరం. పుష్పమ్మ ఎట్లాగూ రోజూ మీ కంపెనీ క్యాంటీనుకు వస్తుంది కాబట్టి స్టాంపు ఖర్చు కూడా లేదు.

మీది హత్నూరలో భూమి ఉన్న కుటుంబమని, గుడికి పోయేవాళ్లని నాకు తెలుసు. దాంతో నాకు పేచీ లేదు. నా పేచీ తిండితో. నా చేతి పంది చాప్స్ తిని పెరిగిన పిల్లవాడు ఇప్పుడు వారానికి నాలుగు రోజులు నూడిల్స్ తింటున్నాడట. నేను పెట్టినట్టే వాడికి చాప్స్ వండి పెట్టగలిగిన రోజు కబురు చెయ్యి. వచ్చి, మీ ఇంట్లో కూర్చొని, తిని పోతాను. అప్పటివరకు మీ గడప నేను తొక్కను.

ఇట్లు,
మార్తమ్మ
రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలు, జీవశాస్త్రం


ఇస్నాపూర్,
జూన్ 16.

నానమ్మ గారికి నమస్తే, వందనాలు. (రెండూ రాయమని రాకీ చెప్పాడు.)

మీ షరతుకు ఒప్పుకుంటున్నాను. మీరు మా ఇంటికి రావాలి. పెండ్లయి తొమ్మిది నెలలయింది. మీరు కూర్చుంటారని ఒక చేతుల కుర్చీ కొన్నాం. దాని మీద ఇప్పుడు ఉతికిన బట్టలు కూర్చుంటున్నాయి.

ఒక కష్టం ఉంది. పంది అన్న మాట మా ఇంట్లో నేను తిట్టుగా తప్ప వినలేదు. అది కూడా ఎక్కువగా నన్నే. పెండ్లయ్యాక తినడం నేర్చుకున్నాను గాని వండడం రాదు. నేను కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చూస్తాను. మాత్ర బరువు కొంచెం తేడా వచ్చినా బ్యాచ్ మొత్తం ఆపేస్తాను. అందుకని నాకు కొలతలు కావాలి. ఏ భాగం అడగాలి, ఎంత మందం ఉండాలి, ఎంత మంట మీద, ఎన్ని నిమిషాలు? రాకీని అడిగితే ఇంతే చెప్పాడు.

“నానమ్మ వంటింటి తలుపు పెట్టుకునేది. ఎవ్వర్నీ రానియ్యకపోయేది. జెరసేపటికి వాసనొచ్చేది. నేను తలుపు కాడ కుక్క లెక్క కూసునేటోణ్ని. తాత గా టైముల ఎప్పుడు సూసినా పెరట్లనే ఉండేటోడు.”

దీన్ని బట్టి వండడం కుదరదు కదా. వివరంగా రాయగలరు.

మీ
నిషిత


సంగారెడ్డి,
జూన్ 20.

నిషితకు,

వంట మాత్రల ఫ్యాక్టరీ కాదు. కొలతలు అడిగేవాళ్లకు చేతి రుచి రాదు. అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను.

మాంసం ఆరోగ్యమైన జంతువుది అయి ఉండాలి. తాజాగా ఉండాలి. శుభ్రంగా కడగాలి. తగినంత ఉప్పు, తగినంత కారం, తగినంత మసాలా పట్టించి తగినంతసేపు ఉడికించాలి.

అసలు విషయం ఇప్పుడు విను. పంది మాంసంలో బద్దెపురుగు పిల్లలు తిత్తుల రూపంలో ఉంటాయి. సరిగ్గా ఉడకకపోతే మనిషి పేగులోకి చేరి, తలకున్న కొక్కేలతో గోడను పట్టుకొని, మూడు మీటర్ల దాకా పెరుగుతాయి. ఈ పాఠం నేను ముప్పై నాలుగేళ్లు చెప్పాను. బొమ్మ వేసి భాగాలు గుర్తించడం ప్రతి సంవత్సరం పరీక్షలో వచ్చేది. కాబట్టి కుక్కరులో పెట్టి ఎనిమిది విజిల్స్ రానివ్వు. ఏడు కాదు. ఎనిమిది.

మార్తమ్మ


ఇస్నాపూర్,
జూన్ 30.

నానమ్మ గారికి,

నిన్న మొదటి ప్రయత్నం జరిగింది. రిపోర్టు రాస్తున్నాను.

పటాన్‌చెరులో ఆదివారం పంది మాంసం కొట్టే మహేంద్ర దగ్గరికి పోయి, నడుము భాగంలో పక్కటెముకతో సహా నాలుగు చాప్స్ కావాలని అడిగాను. ముక్కలు కొట్టొద్దని రెండుసార్లు చెప్పాను. “సరే మేడం” అన్నాడు. నేను పక్కకు తిరిగి నిమ్మకాయలు కొనేలోపల టకటకమని నాలుగింటినీ గోళీకాయంత ముక్కలు చేసి సంచిలో వేశాడు. ఎందుకు కొట్టావంటే అతను బాధపడ్డాడు.

“గంత పెద్ద ముక్క నోట్లె పడ్తదా మేడం? మీరు కొత్తోళ్లు, మొకమాటంతోని వద్దన్నరనుకున్న. ఎవరికైనా కొట్టకుండ ఇస్తె నాకే మంచిగ అనిపియ్యది.”

ఆ ముక్కలకే ఎనిమిది విజిల్స్ పెట్టాను. మూత తీస్తే చాప్స్ లేవు. ఎముకలున్నాయి, చుట్టూ జావ ఉంది. రాకీ గ్లాసు తెచ్చుకున్నాడు.

బద్దెపురుగు మాత్రం ఒక్కటి కూడా బతికి ఉండదు. ఆ విషయంలో బ్యాచ్ పాస్.

నిషిత


సంగారెడ్డి,
జూలై 4.

నిషితకు,

తప్పు నాది కాదు, మహేంద్రది. ఎనిమిది విజిల్స్ సిద్ధాంతానికి ఏ లోపమూ లేదు.

ఈసారి కత్తి కింద పెట్టేదాకా కళ్లు తిప్పకు. పరీక్ష హాలులో నేను చేసిన పని అదే. చాప్ మొత్తంగా ఉండాలి, అప్పుడు కుక్కరుకు తట్టుకుంటుంది. ఉడికాక పెనం మీద నూనె వేసి రెండు పక్కలా వేయించు. నల్లబడినా భయపడకు.

నీ ఉత్తరం చదువుతుంటే మీ తాత పేపరు అడ్డం పెట్టుకొని దగ్గాడు. ఏమైందని అడిగితే “వాన వార్తలు” అన్నాడు. ఈ మధ్య ఆయనకు వాన వార్తలు చదివినా దగ్గు వస్తోంది.

నువ్వు పట్టు వదలకపోవడం నాకు నచ్చింది. దీన్ని మెచ్చుకోలుగా తీసుకోవద్దు.

మార్తమ్మ


ఇస్నాపూర్,
జూలై 21.

నానమ్మకు,

రెండో ప్రయత్నం. మహేంద్ర ఎదురుగా నిలబడి కళ్లార్పకుండా చూశాను. అతనికి చెమటలు పట్టాయి. కొట్టకుండానే ఇచ్చాడు గాని, సంచి అందిస్తూ పక్కనున్న పెద్దాయనతో “పాపం, ఇంట్ల కత్తి సుత ఉన్నట్టు లేదు” అన్నాడు.

ఎనిమిది విజిల్స్ పెట్టాను. తరువాత వేయించాను. నల్లబడింది, భయపడలేదు. పళ్లెంలో వేస్తే చప్పుడు వచ్చింది. రాకీ ఒక చాప్‌ను పొద్దున ప్రార్థన నుంచి వచ్చి మొదలుపెట్టి, మధ్యాహ్నం షిఫ్టు బస్సు వచ్చేదాకా నమిలాడు. బస్సులో కూడా నములుతూనే ఉన్నాడని పుష్పమ్మ చెప్పింది. మిగిలిన మూడింటిలో ఒకటి, బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా పెట్టాం. బాగా పనిచేస్తోంది.

రాకీ నొచ్చుకోలేదు. కాని ఒక మాట అన్నాడు.

“నానమ్మ చాప్ వేలు పెట్టి ఒత్తితే రసం కారేది. గిట్ల లేకుండె. ఇంకోటి యాదికొచ్చింది. పొద్దుగాల మంచం కింద మట్టి కుండ ఉండేది, మీద పళ్లెం మూత. ముట్టుకుంటే తాత కోపం జేసేటోడు.”

నానమ్మా, ఆ కుండలో ఏముండేది? వంట గురించి మీరు రాసిన రెండు ఉత్తరాల్లోనూ కుండ లేదు. కుండ ముట్టుకుంటే కోపం తాతయ్యకు ఎందుకు రావాలి?

నిషిత


సంగారెడ్డి,
జూలై 24.

నిషితకు,

కుండలో నీళ్లు ఉండేవి. కుండలో ఇంకేం ఉంటాయి?

నాకు కళ్లజోడు మార్చాల్సి ఉంది. కొన్నాళ్లు ఉత్తరాలు రాయలేను.

మార్తమ్మ


సంగారెడ్డి,
జూలై 28.

బిడ్డ నిషితకు,

నేను మీ తాత అబ్రహామును. ఈ చీటీ మామిడికాయ తొక్కు డబ్బా అడుగున పెట్టి పుష్పమ్మకిచ్చిన. చదివినంక చింపెయ్యి. నాకు నీ లెక్క గుండ్రంగ రాయనీకె రాదు. మిషన్ దవాఖానల కాంపౌండర్‌గ చేసినోణ్ని, మందు సీసాల మీద రాసిన చెయ్యి.

మీ నానమ్మ జన్మల పంది మాంసం ముట్టుకోలేదు. వండిన చాప్ తింటది, పచ్చిది చూస్తె పురుగు బొమ్మ యాదికొస్తది. చాప్స్ చేసింది నేను. డాక్టరమ్మ బంగ్లాల వంటాయన కాడ నేర్చుకున్న. మొదటిసారి పాస్టరుగారు ఇంటికొచ్చి తిని, “మార్తమ్మ చెయ్యి చెయ్యే” అన్నడు. ఆమె నా దిక్కు చూసింది. నేను పైకి చూసిన. అప్పట్ల మొగోడు వంట చేస్తడంటే దవాఖానల నవ్వేటోళ్లు. గట్ల ఇద్దరికీ మంచిగయింది. నలభై ఆరేండ్లు గడిచినయి.

ఇగ విను. బొక్కతోని ఉన్నది తీసుకో, బొటనవేలంత మందం. రంగు లేత గులాబి ఉండాలె, పాలిపోయింది వద్దు. అంచుకు కొవ్వు తెల్లగ ఉండాలె. లీటరు నీళ్లకు మూడు చెంచల ఉప్పు కలిపి, జెర దాల్చినచెక్క వేసి రెండు గంటలు ముంచిపెట్టు. కుండల ఉన్నది గదే. చలికాలం నాకు మంచం కింద నడిచింది గాని నువ్వు ఫ్రిజ్‌ల పెట్టు. తీసినంక బట్టతోని తడి లేకుండ తుడువు. తడి ఉంటె ఉడుకుతది, వేగదు. కొవ్వు అంచుకు మూడు గాట్లు పెట్టు, లేకుంటె పెనం మీద గిన్నె లెక్క ముడుచుకుంటది. దంచిన మిరియాలు, ఎల్లిగడ్డ, జెర నిమ్మరసం పట్టియ్యి. ఇనుప పెనం పొగ రావాలె. ఒక్కో పక్క నాలుగు నిమిషాలు, తర్వాత మంట తగ్గించి మూత పెట్టి ఇంకో మూడు. ఆఖరుకు కొవ్వు అంచు మీద జెరసేపు నిలబెట్టు. నీకాడ వేడి చూసే పుల్ల ఉంటె కుచ్చి చూడు, డెబ్బై దాటితె పురుగు సంగతి ఖతం. దించినంక అయిదు నిమిషాలు ముట్టకు. కుక్కర్ జోలికి పోకు.

మీ నానమ్మ పేపర్ సెట్ చేసింది గాని జవాబు ఆమెకు తెల్వదు. పదిహేను రోజుల నుంచి పరేషాన్ల ఉంది. ఆమెకు రావాలెనని ఉంది. మాట తప్పకుండ రానీకె తొవ్వ లేక కూసున్నది. నేను చెప్పినట్టు మాత్రం తెల్వనియ్యకు. ఆమె ఇజ్జత్ నా ఇజ్జత్.

మీ తాత


ఇస్నాపూర్,
ఆగస్టు 11.

నానమ్మకు,

మూడో ప్రయత్నం నిన్న జరిగింది. వేలు పెట్టి ఒత్తితే రసం కారింది. రాకీ నాలుగు ముక్కలు తిని, ఎముకలు పళ్లెంలో వరుసగా పెట్టుకున్నాడు. తరువాత “నానమ్మ వచ్చినట్టుంది” అన్నాడు.

అంతా మీ ఉత్తరాలు ముందు పెట్టుకొనే చేశాను. ఎనిమిది విజిల్స్ వచ్చాయి, నేనే లెక్కపెట్టాను.

ఈ నెల 24 ఆదివారం. ప్రార్థన అయ్యాక మీరూ తాతయ్యా రావాలి. కుర్చీ మీది బట్టలు తీసేశాను.

నిషిత


సంగారెడ్డి,
ఆగస్టు 14.

చి. నిషితకు,

ఎనిమిది విజిల్స్ తరువాత రసం కారిందా? ముప్పై నాలుగేళ్లు పిల్లల మొఖాలు చూసి బతికినదాన్ని. నీ మొఖం ఉత్తరంలో కనబడదు, అదొక్కటే నీ అదృష్టం.

షరతు షరతే. వస్తాను. తింటాను. మాట్లాడను. చెప్పవలసింది ఉంటే రాయడానికి పలక, సుద్దముక్క తెచ్చుకుంటాను.

మార్తమ్మ


సంగారెడ్డి,
ఆగస్టు 26.

నా మనవరాలు నిషితకు,

మొన్నటి భోజనం గురించి పరీక్షాధికారిగా నా నివేదిక ఇది.

కుర్చీ బాగుంది. ఇల్లు శుభ్రంగా ఉంది. బాల్కనీ తలుపు కింద పెట్టిన నల్లటి వస్తువును నేను గుర్తుపట్టాను, గుర్తుపట్టనట్టు నటించాను. పలక మీద “నీళ్లు” అని, “ఫ్యాను తగ్గించండి” అని, “మీ తాతకు ఉల్లిగడ్డ వద్దు” అని రాశాను. రాకీ ప్రతిదీ బడిపిల్లవాడిలా పైకి చదివాడు. వాడు “ఫ్యాను”కు దీర్ఘం లేకుండా చదవడం నాకు నచ్చలేదు.

ఇక చాప్. పళ్లెంలో పడగానే కొవ్వు అంచు మీద మూడు గాట్లు చూశాను. సమాన దూరంలో, స్కేలు పెట్టి గీసినట్టు. నలభై ఆరేళ్లుగా నా పళ్లెంలో చూస్తున్న గాట్లు అవి. నా ఉత్తరాల్లో గాట్ల ప్రస్తావన లేదు. ఎదురుగా మీ తాత ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు, మూడే అయినా. ఎనిమిది విజిల్స్ ఎక్కడికి పోయాయో పప్పు తిన్నాక తెలిసింది. కందిపప్పు అంత మెత్తగా నేను ఎన్నడూ తినలేదు. కుక్కరులో ఏముందో రాయకుండా విజిల్స్ మాత్రం రాశావు. కంపెనీలో నీకు జీతం ఊరికే ఇవ్వడం లేదు.

కాపీ కొట్టిన పిల్లలను నేను వాసనతో పట్టేదాన్ని. నిన్నూ పట్టాను. పలక మీద “కాపీ” అని రాద్దామని సుద్దముక్క తీశాను కూడా. కాని ముందు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఆ తరువాత ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. పదకొండు నెలల తరువాత నా నోటి నుంచి మీతో వచ్చిన మొదటి మాట “ఇంకోటి వెయ్యి” అయింది. క్షమాపణో, దీవెనో, కనీసం ఒక వాక్యమో కాదు. నా మనవడు ఏడ్చాడు. నువ్వు గరిటె పట్టుకొని అట్లాగే నిలబడ్డావు, ఇంకోటి వెయ్యడం మరిచిపోయి. రెండోసారి అడగవలసి వచ్చింది.

కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకోవాలి. మొదట కాపీ కొట్టింది నేను. వంటింటి తలుపు పెట్టింది నేనే. లోపల స్టూలు మీద కూర్చొని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, గోడ వైపు తిరిగి పేపర్లు దిద్దేదాన్ని. వండినాయన పెరటి తలుపులోంచి బయటికి పోయేవాడు. నేను పళ్లెం పట్టుకొని ముందు తలుపులోంచి వచ్చేదాన్ని. అందరూ మెచ్చుకునేవాళ్లు. ఒక్కసారన్నా ఆయన పేరు చెబుదామనుకునేదాన్ని. ఇంకెవరైనా మెచ్చుకునేవాళ్లు, ఆగిపోయేదాన్ని. ఆయన నాకు తెలియకుండా నీకు రాసి పంపాడు. అడిగి ఉంటే నాకు కూడా చెప్పేవాడే. నేను అడగలేదు.

నలభై ఆరేళ్లు వండిన మనిషికి ఒక్కరోజు వండి పెట్టాలని ఉంది. ఆ పద్ధతి నాకు రాసి పంపు. కొలతలతో సహా, నిమిషాలతో సహా. పుష్పమ్మ చేతికే ఇవ్వు, మీ తాత కంట పడకుండా. ఫోన్ చెయ్యవచ్చు, ఇప్పుడు ఎత్తుతాను. కాని ఈ ఒక్కటి మాత్రం కాగితం మీద కావాలి. ఎదురుగా పెట్టుకొని వండాలి కదా.

రాకీకి చెప్పకు. వాడికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు, ఇంత పెద్ద విషయం తట్టుకోలేడు.

మీ నానమ్మ


సంగారెడ్డి,
సెప్టెంబరు 8.

బిడ్డ నిషితకు,

ఇది సుత తొక్కు డబ్బాలనే పంపుతున్న.

నిన్న మీ నానమ్మ చేతులకు సంచులు కట్టుకొని మాంసం ముట్టుకున్నది. నన్ను పెరట్లకు పంపి తలుపు పెట్టుకున్నది. నేను కిటికీల కెల్లి చూసిన. నువ్వు రాసిన కాగితం గోడకు అతికించుకున్నది. ఉప్పు నీళ్లు కరెక్టు, తుడిచింది కరెక్టు, మూడు గాట్లు స్కేలు పెట్టే గీసింది. పెనం పొగొచ్చింది. రెండు పక్కల నాలుగేసి నిమిషాలు, గడియారం చూసుకుంట. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి.

దించినంక జెరసేపు చాప్ దిక్కే చూసింది. చాప్ ఆమె దిక్కు చూసింది. తర్వాత మెల్లగ అల్మారా తెరిచి కుక్కర్ తీసింది.

ఎనిమిది సీటీలు, బిడ్డా. పెరట్ల నిలబడి అన్నీ లెక్కపెట్టిన.

నాకు కింది దవడకు పండ్లు నాలుగే ఉన్నయి. మొత్తం తిన్న. “ఎట్లుంది?” అని అడిగింది. “మార్తమ్మ చెయ్యి చెయ్యే” అన్న. మళ్లీ ఆదివారం సుత చేస్తదంట, మిమ్మల్ని పిలుస్తది. రాకీకి ముందే చెప్పు, ముక్క దాసిపెట్టకుండ తినాలె, ఇంకోటి అడగాలె.

మీ తాత